దీక్షా శిబిరంలో లెక్కల క్లాసు

ఇటు చాప మీదికి జరగండి, కాళ్లు చాపుకుని తీరిగ్గా వినండి. ట్యూషన్ పెట్టాలనుకునేవాళ్లంతా నన్ను ముందు అడిగేది, పిల్లలను ఎలా రప్పించాలని. నేను చెప్పబోయేది, వచ్చిన పిల్లలు చెదిరిపోబోయిన రోజు సంగతి.

2011 జూన్‌లో, జనగామ స్టేషన్ వెనక వీధిలో, మా ఇంటి ముందు గదిలో ఆరుగురు పిల్లలతో మొదటిసారి పదో తరగతి బ్యాచ్ మొదలుపెట్టాను. అంతకుముందు రెండేళ్లూ ఐదో తరగతి దాకానే నడిపాను. నా చదువు మొగుళ్లపల్లి బడిలో ఏడో తరగతితో ఆగింది. అందుకని లెక్కలు, సైన్సు చెప్పడానికి రఘునాథపల్లి నుంచి రవీందర్ అనే బీఎస్సీ చదివిన అబ్బాయిని పెట్టుకున్నాను. పాఠం అతనిది, స్టడీ అవర్ నాది. స్టడీ అవర్ అంటే పాఠం అయ్యాక గంటసేపు పిల్లల పక్కన కూర్చుని హోంవర్కు చూడటం.

మొదట్లో అన్నీ తెలిసినదానిలా టిక్కులు పెట్టేదాన్ని. ఒకరోజు వాళ్లలో షాహీన్ అనే పిల్ల నోట్సు తిప్పి నా ముందు పెట్టింది.

"ఆంటీ, ఇది తప్పు లెక్క. మీరు టిక్కు పెట్టిన్రు."

మిగతా ఐదుగురూ తలలెత్తి చూశారు. దాచి లాభం లేదనుకుని, "నాకు రాదు బిడ్డా, నువ్వే చెప్పు" అన్నాను. ఆ పిల్ల చెప్పడం మొదలుపెట్టి, సగంలో ఆగి, తన తప్పు ఎక్కడుందో తానే పట్టుకుంది. ఆ రోజు నుంచి మా ట్యూషన్‌కు అదే కట్టుబాటు అయింది. పిల్లలు చెబితే నాకు అర్థం కావాలి. అప్పుడే పాఠం అయినట్టు.

వీధి నల్లా దగ్గర నీళ్లకొచ్చిన ఆడవాళ్లు మాత్రం నవ్వుకునేవారు. ఏడో తరగతామె పదో తరగతికి ట్యూషన్ చెబుతుందట అని. వాళ్ల నవ్వు నన్ను భయపెట్టలేదు కానీ, ఆ ఆరుగురిలో ఒక్కరు తప్పినా మరుసటి ఏడు మా గడప ఎవరూ తొక్కరన్నది మాత్రం నాకు తెలుసు. మొదటి పదో తరగతి బ్యాచే ఏ ట్యూషన్‌కైనా అసలు పరీక్ష.

సెప్టెంబరులో తెలంగాణ కోసం అందరూ సమ్మెకు దిగారు. బడులు మూతపడ్డాయి, బస్సులు ఆగిపోయాయి, సార్లంతా దీక్షా శిబిరాల్లో కూర్చున్నారు. రవీందర్ మూడు రోజులు కనిపించలేదు. నాలుగో రోజు ఇరవై మంది కుర్రాళ్లను వెంటేసుకుని జెండాతో వచ్చాడు. వచ్చింది పాఠం చెప్పడానికి కాదు, నా తలుపు మూయించడానికి.

"అక్కా, ఏమనుకోకు. ఊరంత బంద్ ఉంటే నీ ట్యూషన్ ఒక్కటి తెరిచుంటే ఎట్ల?"

"నువ్వు సగంల ఇడిసిపెట్టిన లెక్కలు అట్లనే ఉన్నయ్ రవీ. ఇప్పుడు తాళం గూడ నువ్వే ఏస్తవా?"

వెనక కుర్రాళ్లు కిసుక్కుమన్నారు. అతను తల దించుకున్నాడు గానీ కదల్లేదు. నేనూ తెలంగాణ కావాలన్నదాన్నే. రోడ్డు మీద వంటావార్పు పెట్టిన రోజు నూరు మందికి అన్నం వార్చాను. అందుకే తలుపు మూశాను.

గంట తిరగకముందే షాహీన్ వాళ్ల నాయన యాకూబ్ భాయ్ వచ్చాడు. ఆయనది గడియారాలు బాగుచేసే కొట్టు. మనిషి కోపంగా లేడు, పరేషాన్‌గా ఉన్నాడు.

"బడి లేకపాయె, ట్యూషన్ లేకపాయె. బిడ్డను కుట్టుమిషన్ కాడ కూసోబెడ్త అక్కా. పరీక్ష సంగతి మళ్ల సూద్దాం."

ఒకరు వెళితే ఆరుగురూ వెళతారు. సార్లు మళ్లీ బడికి వచ్చేదాకా జర ఆగమని ఆయనను బతిమాలుతుంటే నా మాటే నాకు తగిలింది. సార్లు ఎక్కడికి పోయారు? బస్టాండు ముందు టెంటులోనే ఉన్నారు కదా. రేపొక్కరోజు బిడ్డను పంపు, నువ్వూ వచ్చి చూడు, తర్వాత నీ ఇష్టం అన్నాను.

తెల్లవారి మా నల్లబల్లను ఆటోలో ఎక్కించి, ఆరుగురు పిల్లలతో శిబిరానికి వెళ్లాను. అది రిలే దీక్ష. అంటే రోజుకో సంఘం వాళ్లు పొద్దున దండలు వేసుకుని కూర్చుంటారు, సాయంత్రం నిమ్మరసం తాగి లేస్తారు. ఆ రోజు వంతు పంతుళ్లది. రవీందర్‌ను పిలిచి, "మూయమన్నవు, మూసిన. సదువే నీ టెంటులకు వచ్చింది, ఇగ దీన్ని గూడ మూస్తవా?" అన్నాను. అతను పకపకా నవ్వి, మైకు తీసుకెళ్లి దీక్షలో కూర్చున్న బడి లెక్కల సారు చేతికిచ్చాడు.

అబ్బ, ఏం చెప్పాడాయన! శ్రేఢుల లెక్కలు ఎత్తుకుంటే రోడ్డు మీద పోయేవాళ్లు ఆగిపోయారు. మైకులో సూత్రం మోగుతుంటే ఆటోవాళ్లు కూడా తలలూపారు. పాఠం అయ్యేసరికి టెంటంతా చప్పట్లు. నా గుండె ఉప్పొంగింది. ఆ ఊపులో షాహీన్ వైపు తిరిగి, "ఏదీ, ఇప్పుడు నాకు చెప్పు" అన్నాను.

పిల్ల నోరు తెరిచింది, మూసింది. మిగతా ఐదుగురూ అంతే. యాకూబ్ భాయ్ చివర నిలబడి చూస్తున్నాడు.

సారుతో మెల్లగా చెప్పాను, ఇప్పుడు మీరు కూర్చోండి, పిల్లలు చెబుతారు అని. ఆయనకు చురుక్కుమంది.

"ఇరవై ఆరేండ్ల సర్వీసమ్మా నాది. చెప్పుడు నాకు నేర్పుతవా?"

"చెప్పుడు కాదు సార్, వినుడు."

సారు దండ సర్దుకుని పిల్లల మధ్య చాప మీద కూర్చుని, షాహీన్‌కు సుద్దముక్క, మైకు ఇచ్చాడు.

లెక్క ఇది. మొదటి వరుసలో నాలుగు కుర్చీలు, తర్వాత ప్రతి వరుసకూ రెండేసి ఎక్కువ, మొత్తం పది వరుసలు. కుర్చీలు ఎన్ని? షాహీన్ సూత్రం రాసింది, తడబడింది. అది వద్దు, ఏడో తరగతిదానికి చెప్పినట్టు చెప్పమన్నాను. పిల్ల మైకు పక్కన పెట్టి, పది వరుసలూ బల్ల మీద గీతలుగా గీసింది. చిట్టచివరి వరుసలో ఇరవై రెండు. దాన్ని మొదటిదానితో కలిపితే ఇరవై ఆరు. రెండోదీ, చివరి నుంచి రెండోదీ కలిపినా ఇరవై ఆరే. అక్కడ పిల్ల కళ్లు మెరిశాయి.

"ఆంటీ, అన్ని జతలు గంతే. ఐదు జతలు. నూట ముప్పై. సూత్రంల ఉన్నది గూడ గిదే."

నాకు అర్థమైంది. ఏడో తరగతి చదివిన నాకు పదో తరగతి లెక్క అర్థమైంది! సారు లేచి చప్పట్లు కొట్టాడు. యాకూబ్ భాయ్ దగ్గరికొచ్చి బల్ల మీది గీతలను గడియారం లోపలి చక్రాలను చూసినట్టు వంగి చూశాడు. కుట్టుమిషన్ మాట మళ్లీ ఎత్తలేదు.

సమ్మె ముగిసేదాకా పొద్దున రెండు గంటలు టెంటులోనే క్లాసు. పంతుళ్ల వంతు కాని రోజుల్లోనూ లెక్కల సారు వచ్చి చాప మీద కూర్చుని వినేవాడు. మార్చిలో పరీక్షలు రాసి ఆరుగురూ పాసయ్యారు. జూన్‌లో నల్లా దగ్గరి ఆడవాళ్లే తమ పిల్లలను చెయ్యి పట్టుకుని తెచ్చారు. తర్వాత మానుకోటలో ఒక ట్యూషన్, భూపాలపల్లిలో ఒకటి పెట్టాం. మానుకోటది రవీందరే చూసుకున్నాడు.

నేను నేర్చుకున్నది ఇది. ట్యూషన్‌కు గది, నల్లబల్ల తర్వాత కూడా దొరుకుతాయి. మంచిగా చెప్పే సారును వెతికి పెట్టుకోవచ్చు. పిల్ల చెబుతుంటే మధ్యలో అడ్డుపడకుండా, అర్థం కానిచోట కాలేదని ఒప్పుకునే మనిషి ఒకరు కూర్చుని ఉండాలి. ఆ పనికి నా ఏడో తరగతి సరిపోయింది.

ఇంతసేపూ విన్నారు, మీ ఇల్లు చల్లగుండాలి. మీ పిల్లలు మీకు పాఠం చెప్పేంత ఎదగాలి, కూర్చుని వినే తీరిక మీకు ఉండాలి.