సీటు కింద టిక్కు

కిక్కు కొట్టి బండి తీసేవాడు కూలివాడు, బొటనవేలితో బటన్ నొక్కి తీసేవాడు సేటు అని నేను గట్టిగా నమ్మిన రోజులవి. సూరత్‌లో సాంచాల మీద (మరమగ్గాలను మేం అలాగే అంటాం) ఏడేళ్లు పనిచేసి, ఇరవై నాలుగేళ్ల వయసులో ఒక పాత మోటర్‌సైకిల్ కొన్నాను. నాకంటే ముందు ముగ్గురు దాన్ని వాడి వదిలించుకున్నారు. దానికి కిక్ రాడ్డే లేదు, ఉన్నదల్లా బటనే. అది చూడగానే మిగతా లోపాలేవీ నా కంటికి ఆనలేదు. పెళ్లి మాటలప్పుడు మా బావ (మా అక్క మొగుడు, సూరత్ పర్వత్ పాటియా పేటలో మా పక్క గదిలోనే ఉంటాడు) ఆడపిల్లవాళ్ల ముందు నా గుణగణాలేవీ ఎత్తలేదు. "పోరడు బటన్ బండి మీద తిరుగుతడు" అన్నాడు. సంబంధం కుదిరింది ఆ ఒక్క మాటతోనే అని ఇప్పటికీ చెప్పుకుంటాడు.

మా ఆవిడ సూరత్ వచ్చిన వారానికే ఆ బటన్ మొరాయించింది. నొక్కితే ఉలుకూ లేదు, పలుకూ లేదు. రోజూ పొద్దున బావా, పై గదిలో ఉండే ఇంకో సాంచా పెద్దాయనా కలిసి గల్లీ చివరిదాకా తోస్తే, రెండో గేరులో దగ్గుకుంటూ లేచేది. సేటు హోదా అలా ఇద్దరి భుజాల మీద నడుస్తుండగా, ఇంట్లో అంతకంటే పెద్ద చిక్కు వచ్చిపడింది. మా ఆవిడ సాంచా అన్నది ఎరగని వ్యవసాయం ఊరి పిల్ల. నేను పన్నెండు గంటల పని దిగి వస్తే అన్నం పెట్టేది, నావైపు చూసేది, పెదవులు కాస్త కదిలించేది. దేవుణ్ని తలుచుకుంటోందేమో అనుకుని, మర్యాదగా ఉంటుందని "ఆఁ" అనేవాణ్ని. (నోట్లో నాలుక లేని పిల్ల దొరికిందని మా అక్క దగ్గర గొప్పలు కూడా పోయాను.) నెల తిరిగేసరికి ఆమె ముఖం చిన్నబోయింది. అంతలో ఆమె తమ్ముడు ఫోన్ చేశాడు.

"బావా, సోమవారం అక్కను తోల్కపోను వస్తున్న. నువ్వు గూడ సరే అన్నవంట గద!"

నేనెప్పుడన్నాను? నన్నెవరడిగారు? అబద్ధమాడి అయినా వెళ్లిపోవాలనుకుంటోంది అంటే నేనంటే ఎంత విరక్తి పుట్టిందో అనుకున్నాను. నిలదీసి అడగడానికి భయం. వెళ్తానని నా ముఖం మీదే చెబితే ఏం చేయను? ఆలోచించి ఆలోచించి ఒక ఉపాయం పట్టాను. ఆమె సముద్రం చూడలేదు. ఆదివారం డుమస్ తీసుకెళ్లి, సముద్రం చూపించి, టమాటా భజియాలు తినిపిస్తే మనసు మారుతుంది. కానీ దానికి బటన్ పనిచేయాలి. అక్కడ బండి ఆగితే కొత్త పెళ్లికూతుర్ని దించి తొయ్యమనలేను కదా.

ఆదివారం పొద్దున్నే మా గల్లీ మెకానిక్ కోసం పరిగెత్తాను. సూరత్‌లోనే పుట్టి పెరిగిన ముసలాయన. చేతిలోంచి పానా దిగదు కాబట్టి అందరికీ పానా కాకా. సరిగ్గా ఆ రోజే ఎవరి పెళ్లికో బార్డోలీ పోయాడు. ఫోన్ చేస్తే, బాజాల మధ్య నుంచే వైద్యం మొదలుపెట్టాడు. "హార్న్ బజ్తా హై? లైట్ జల్తీ హై? తో బ్యాటరీ ఠీక్ హై. అబ్ బటన్ దబా. సీట్ కే నీచే టిక్ ఆవాజ్ ఆతీ హై క్యా?" హార్న్, లైటు ఉంటే బ్యాటరీ బాగున్నట్టే; ఇక బటన్ నొక్కినప్పుడు సీటు కింద టిక్‌మంటే లోపం మోటారు వైపు. టిక్ లేకపోతే హ్యాండిల్ వైపు. ఇంతే పరీక్ష.

నొక్కాను. టిక్ లేదు. బావ సీటుకు చెవి ఆనించి కళ్లు మూసుకున్నాడు. "టిక్కు లేదు, టక్కు లేదు. పీనుగ లెక్క పన్నది" అన్నాడు. పై గది పెద్దాయన కూడా వంగి విని, తల అడ్డంగా ఊపాడు. ముగ్గురిదీ ఒకే మాట కాబట్టి అనుమానం లేకుండా హ్యాండిల్ మీద పడ్డాం. బటన్ డబ్బా విప్పగానే లోపలి స్ప్రింగు ఎగిరి మురికి కాలువ అంచున పడింది. వెతికి, కడిగి, మళ్లీ పెట్టాం. ఫ్యూజు మార్చాం. క్లచ్ దగ్గర రెండు తీగలు కలిపితే హార్న్ మూగబోయింది. విడదీసి ఇంకో రెండు కలిపితే, బ్రేకు నొక్కినప్పుడల్లా ఇండికేటర్ కన్ను కొట్టడం మొదలుపెట్టింది. "తెగిన పోగు దొర్కవట్టలేనోడు సాంచా మనిషెట్లయితడుర బామ్మర్ది? జర ఓపిక వట్టు" అంటూ బావ ఇంకో తీగ పీకాడు. మధ్యాహ్నమైంది. నాకు ఏడుపొక్కటే తక్కువ.

మా ఆవిడ చాయ్ గ్లాసులతో గడపలోకి వచ్చి పెదవులు కదిలించింది. అలవాటు ప్రకారం "ఆఁ" అన్నాను. అక్కడే నిలబడింది. గ్లాసులు కింద పెట్టి, మెట్లు దిగి వచ్చి, నా చొక్కా పట్టి లాగింది. పెళ్లయ్యాక మొదటిసారి నా చెవి పక్కన ఆమె గొంతు వినిపించింది.

"టిక్కుమంటుంది గద. పొద్దటి సంది అంటనే ఉన్నది."

ముగ్గురం నవ్వాం. "ఏడ చెల్లే? మేం ముగ్గురం ఇన్నం" అన్నాడు బావ. ఆయన అంతటితో ఊరుకోకుండా ఆమెను గోడవైపు తిరిగి నిలబడమన్నాడు. నేను కాసేపు బటన్ నొక్కుతూ, కాసేపు ఊరికే నొక్కినట్టు నటిస్తూ పరీక్ష పెట్టాను. నొక్కినప్పుడల్లా "ఇగో" అంది, నటించినప్పుడు నోరు మెదపలేదు. ఒక్కటీ తప్పలేదు. మా నవ్వులు ఆగిపోయాయి. ఇరవై ఏళ్లుగా సాంచాల హోరులో అరుచుకుంటూ బతికిన బావ తన చెవి తడుముకున్నాడు. మా ఆవిడ మాత్రం బండిని వదిలేసి నన్నే చూస్తోంది.

"నీకు ఇనవడలేదా?"

"లే."

"గిప్పుడు గాదు. నెల దినాల సంది."

నాకు నేనన్న ఆఁలన్నీ ఒక్కసారిగా గుర్తొచ్చాయి. ఆమె గొంతు పెరిగింది. "ఇంకింత అన్నం ఎయ్యాల్నా అంటే ఆఁ అని లేస్తివి. నాకు గీడ తోచుత లేదంటే ఆఁ అంటివి. మా ఇంటికి పోత, తమ్మున్ని పిలువాల్నా అంటే గూడ ఆఁ అంటివి! నేనంటే ఇష్టం లేదనుకున్న." గల్లీకి గల్లీ అంతా విన్నది. (అంతమంది ముందు నేనెప్పుడూ సిగ్గుపడలేదు, అంత సంతోషపడనూ లేదు.)

"ఇష్టం లేకపోవుడేంది?" అని నేనూ అరిచాను. "ఇనవడకపోవుడే!"

బావ గొంతు సవరించుకుని కాకాకు ఫోన్ కలిపాడు. టిక్ వస్తోందంటే కాకా "పొద్దున్నుంచీ నిద్రపోయారా" అని హిందీలో తిట్టి, మోటారుకు వెళ్లే లావు తీగ చూడమన్నాడు. చూస్తే దాని కొస గ్రీజులో, మా కార్ఖానా దూదిలో మునిగి, పచ్చగా చిలుమెక్కి, నట్టు వదులై ఉంది. గరుకు కాగితంతో రుద్ది, బిగించి, బటన్ నొక్కితే ఇంజన్ ఒక్క ఊపున లేచింది. ఆ చప్పుడు నాకూ వినిపించింది.

డుమస్ దాకా ఆమె గడ్డం నా భుజం మీదే ఉంది. మొదటి రోజు నుంచీ నెలంతా అడిగినవన్నీ మళ్లీ అడిగింది. సూరత్‌లో వానలు ఎక్కువా? నీకు కారం ఎంత కావాలె? చిన్నప్పుడే ఊరు విడిచినవా? మీ అమ్మ గుర్తుకొస్తదా? ఒక్కొక్కదానికీ జవాబు చెప్పాను. ఆ రోజు సముద్రం ఎలా ఉందో అడిగితే చెప్పలేను. ఆమె తమ్ముడు సోమవారం వచ్చి, రెండు రోజులుండి, ఒక్కడే వెళ్లాడు.

బండి ఎప్పుడో పోయింది. మొన్నీమధ్య మా అమ్మాయి (స్నేహితులతో గుజరాతీ, దుకాణాల్లో హిందీ, నన్ను కోప్పడటానికి తెలుగు మాట్లాడుతుంది) నన్ను డాక్టరు దగ్గరికి లాక్కెళ్లి చెవికి మిషన్ పెట్టించింది. మంచి మిషన్. ఫ్యాను చప్పుడు వినిపిస్తుంది, పక్కింటి కుక్కర్ కూడా. చిక్కల్లా ఏమిటంటే, అది పెట్టుకుంటే మా ఆవిడ వంటింట్లోంచే మాట్లాడేస్తుంది. అందుకని సెలవు రోజున బ్యాటరీ అయిపోయిందని చెప్పి తీసి పక్కన పెడతాను. అప్పుడు వచ్చి, భుజం మీద చెయ్యేసి, చెవి దగ్గర "కూరల ఉప్పు సరిపోయిందా?" అని అడుగుతుంది. నలభై దాటినవాణ్ని, సిగ్గు లేకుండా "ఏందీ?" అంటాను. నా వేషం ఆమెకు తెలుసో లేదో నేనడగలేదు. రెండోసారి చెప్పడానికి మాత్రం ఇంకాస్త దగ్గరికి వస్తుంది.