గుర్రం ఉంటే సగం కోత

నికనోర్ బెర్మూదెస్‌కి ఒక్కటే జబ్బు. ఏ కథలో ఏ వీరుడు ఏం చేసినా, వాణ్ణి తీసుకొచ్చి ఇంకో కథలో వీరుడి పక్కన నిలబెట్టాలి. సంతలో ఎద్దు పళ్ళు చూసినట్టు ఇద్దరి నోళ్ళూ తెరిచి చూడాలి. ఎవరు గొప్పో తేల్చాలి. తేలేదాకా ఆయనకి అన్నం సయించదు, పక్కవాళ్ళకి ప్రాణం కుదుటపడదు.

ప్లాసెటాస్ ఊళ్ళో చుట్టల కార్ఖానాలో మూడో వరుస, కిటికీ పక్క బల్ల ఆయనది. చేతులు పుగాకు చుడుతుంటాయి, బుర్ర వీరుల్ని తూస్తుంటుంది. తూకం రాళ్ళు కూడా సొంతవే.

"వాడికి గుర్రం ఉందా? అయితే సగం కోత. దూకింది గుర్రం, దండ వీడికా?"

"చూసేవాళ్ళున్నారా? పావు తీసెయ్. పదిమంది చూస్తుంటే పిల్లి కూడా పులే."

"పెళ్ళయిందా? కాలేదా? ఇంకో పావు తీసెయ్. ఇంటికెళ్ళి సంజాయిషీ చెప్పుకోనక్కర్లేనివాడి ధైర్యం కూడా ఒక ధైర్యమేనా!"

చచ్చే ముందు ఉపన్యాసం ఇచ్చిన వీరుడికి మాత్రం నిండు సున్నా. "అంత ఊపిరి మిగిలుంటే ఇంకొకణ్ణి కాపాడొచ్చుగా, దొంగవెధవ!"

ఒకసారి క్షౌరం చేయించుకుంటూ, కోట గోడ దూకినవాడు గొప్పా, కోట లోపల కలరా రోగులకి నీళ్ళు పోసినవాడు గొప్పా అని మంగలితో తగువు పెట్టుకున్నాడు. మంగలి గోడవైపే నిలబడ్డాడు. నికనోర్ మెళ్ళో గుడ్డ విసిరికొట్టి లేచొచ్చేశాడు. ఎడమ చెంప నున్నగా, కుడి చెంప గరుకుగా మూడు రోజులు తిరిగాడు. నాలుగో రోజు మంగలే కత్తి పట్టుకుని కార్ఖానాకి వచ్చాడు. "ఒప్పుకున్నాను మహానుభావా, నీళ్ళు పోసినవాడే గొప్ప. కూర్చో. నీ మొహం చూసి నా కొట్టుకి ఎవడూ రావడం లేదు."

యులాలియా ఇవేవీ ఎరగదు. ఊరి చివర కొట్టంలో పుగాకు ఈనెలు తీసే పని ఆమెది. ఆరేళ్ళు ఆ దుమ్ము మింగింది. ఇంకో రెండేళ్ళు మింగితే ఆమెని దుమ్మే మింగేస్తుందని డాక్టరు తేల్చి చెప్పాడు. సరిగ్గా అప్పుడే కార్ఖానాలో చదువరి పని ఖాళీ అయింది. గంటలాంటి గొంతున్న పాత చదువరి వయసు మీదపడి కూతురి ఊరికి వెళ్ళిపోయాడు.

చదువరి అంటే యజమాని పెట్టిన మనిషి కాదు. చుట్టలు చుట్టేవాళ్ళే తమ కూలిలోంచి ఇచ్చి పెట్టుకున్న గొంతు. పొద్దున్న ఎత్తు బల్ల మీద కూర్చుని పత్రిక చదవాలి, మధ్యాహ్నం నవల చదవాలి. ఒక వారం వింటారు. శనివారం తీర్పు. నచ్చితే ఆకు కోసే కత్తుల్ని బల్ల మీద మోగిస్తారు. నచ్చకపోతే నేల మీదికి జారవిడుస్తారు. నేల మీద కత్తి పడిందంటే ఆ చదువరి ఇంటికే. యులాలియాకి ఇల్లంటే మళ్ళీ ఆ ఈనెల కొట్టమే.

సోమవారం పొద్దున్న పత్రిక రెండో పేజీకి వచ్చేసరికే గొంతులో ఏదో గీసుకున్నట్టయింది. ఎవరూ గమనించలేదనుకుంది. మధ్యాహ్నం నవల అందుకుంది. సముద్రంలో తుఫాను, ఓడ మునిగిపోతోంది, కెప్టెన్ డెక్కు మీద చేతులు కట్టుకుని నిలబడ్డాడు. హాలంతా ఊపిరి బిగబట్టింది. ఆమె గొంతు సన్నగా బొంగురుపోసాగింది.

"ఆగమ్మాయీ!"

మూడో వరుసలో నికనోర్ లేచి నిలబడ్డాడు.

"ఈ కెప్టెన్ గొప్పా, పోయిన నెల కథలో వరదకి మేకని భుజాన వేసుకుని ఈదిన విధవరాలు గొప్పా? ఇది తేలకుండా ఓడ మునగడానికి వీల్లేదు."

"కెప్టెనే!" పక్క బల్ల నుంచి ఒరెస్టెస్ అరిచాడు. "ఓడని వదల్లేదు, దాంతోపాటే మునగబోతున్నాడు. ఇంకేం కావాలి నీకు?"

"ఓడ వాడి బాబుదా? కంపెనీది. కంపెనీ ఓడ కోసం చచ్చేవాణ్ణి వీరుడంటావా, వెర్రివెంగళప్ప అంటావా?"

"మేక మాత్రం ఆవిడ సొంతం కాదేంటి?" ఇంకెవరో అందుకున్నారు.

"అందుకేనయ్యా గొప్ప! అది రేపు పాలిస్తుంది. మునిగిన ఓడ ఏమిస్తుంది, పీతలకి కాపురమా?"

హాలు రెండు ముక్కలైంది. మేక పక్షం, కెప్టెన్ పక్షం. పది నిమిషాలు దద్దరిల్లిపోయింది. యులాలియా పళ్ళు నూరి, గ్లాసెడు నీళ్ళు తాగింది, నాలుగుసార్లు గాలి పీల్చుకుంది, పేజీ వెతుక్కుంది.

మంగళవారం మూడుసార్లు ఆపాడు. బుధవారం నాలుగు. సరిగ్గా కథ పాకాన పడే చోట, సరిగ్గా ఆమె గొంతు బిగుసుకుంటున్నప్పుడు, కత్తి దూసినట్టు లేచేవాడు. నాలుగు రోజులైనా ఆ కెప్టెన్ మునగలేదు. వీధిలో పిల్లలు కూడా "ఇంకా తేలుతున్నాడా?" అని అడగడం మొదలుపెట్టారు.

గురువారం సాయంత్రం యులాలియా సరాసరి ఆయన బల్ల దగ్గరికి వెళ్ళింది.

"తాతా, నా చదువు నచ్చకపోతే శనివారం కత్తి కింద పడెయ్యండి, గొడవ వదిలిపోతుంది. రోజూ ఇలా కొంచెం కొంచెంగా నా పీక కోయడం దేనికి?"

"నీ చదువుకేం తల్లీ, బంగారం. ఆ కెప్టెనే నాకు మింగుడుపడటం లేదు."

"వాడు మునిగితే చాలు, మీకు దణ్ణం పెడతాను!"

"ఎలా మునుగుతాడు? మేక సంగతి తేలాలిగా."

శనివారం వచ్చింది. దాంతోపాటు మేనేజరు సెవెరినో కూలీల భుజాల మీద మోయించిన ఇంకొకటి కూడా వచ్చింది. రేడియో. ఆ పెట్టెని చదువరి బల్ల మీద, యులాలియా పుస్తకాల పక్కనే పెట్టించాడు.

"వారంలో ఈ అమ్మాయి చదివింది ఇరవై పేజీలు," అన్నాడు సెవెరినో. "దీన్ని చూడండి. దీనికి మీరు కూలిలోంచి పైసా ఇవ్వక్కర్లేదు. అలసిపోదు. మంచినీళ్ళు అడగదు. కంపెనీ బహుమానం!"

కంపెనీ బహుమానం ఎందుకిస్తుందో హాల్లో అందరికీ తెలుసు. సమ్మెల వార్తలు చదివే నోటికన్నా పాటలు పాడే పెట్టె నయమని దాని ఆశ. అయినా కొత్త వస్తువు కదా, మెడలు సాగాయి. యులాలియా తన చేతుల వైపు చూసుకుంది. గోళ్ళ కింద ఈనెల కొట్టం మరక ఇంకా పోలేదు.

సెవెరినో మీట తిప్పాడు. గరగరమని, ఒక నాటకం వినబడింది. ఎవడో వీరుడు గంభీరంగా చెబుతున్నాడు: "ఆ పొంగుతున్న నదిని నేను ఒంటరిగా దాటాను..."

"ఆగవయ్యా!" నికనోర్ లేచాడు.

రేడియో ఆగలేదు.

"నిన్నే. ఒంటరిగానా, గుర్రం మీదా? ఈదావా?"

"...శత్రువులు నన్ను చుట్టుముట్టారు..."

"శత్రువుల సంగతి తర్వాత చూద్దాం, ముందు గుర్రం సంగతి చెప్పు!"

వీరుడు ఠక్కున మాయమై, ఒక ఆడగొంతు సబ్బు గొప్పతనం పాడటం మొదలుపెట్టింది. నికనోర్ హాలు వైపు తిరిగాడు.

"నేను గుర్రం గురించి అడుగుతుంటే స్నానం చెయ్యమంటాడేంట్రా! సెవెరినో గారూ, ఈయనకి చెముడా?"

"అది యంత్రం, నికనోర్! ఎవరి మాటా వినదు!"

"ఎవరి మాటా వినకుండా తనే వాగుతూ పోయేది ఆఫీసు గదిలో ఇప్పటికే ఒకటుందిగా. రెండోది దేనికండీ?"

హాలు పగలబడి నవ్వింది. కిటికీ అద్దాలు అదిరాయి. ఆ నవ్వు మధ్యలో ఒక కత్తి బల్ల మీద మోగింది. ఆ వెంటనే పది, యాభై, ఎనభై. సెవెరినో ఏదో అంటున్నాడు గానీ పెదాలు కదలడమే కనబడింది. నేల మీద ఒక్క కత్తీ పడలేదు. రేడియో వచ్చిన భుజాల మీదే వెనక్కి వెళ్ళింది.

హాలు దాదాపు ఖాళీ అయ్యాక యులాలియా పుస్తకాలు సర్దుకుంటూ ఒరెస్టెస్‌ని అడిగింది.

"బాబాయ్, పాత చదువరి ఉన్నప్పుడు కూడా ఈయన ఇలాగే ఆపేవాడా?"

"ఆపడమా!" ఒరెస్టెస్ కళ్ళు పెద్దవి చేశాడు. "పదకొండేళ్ళుగా పక్కన కూర్చుంటున్నాను. చదువు నడుస్తుంటే ఎవడైనా ముక్కు చీదినా కొట్టేటట్టు చూసేవాడు. ఎన్ని తగువులున్నా భోజనాలకి బయటికెళ్ళాకే. మరి నువ్వొచ్చిన రోజు పొద్దున్న, రెండో పేజీలో, నీ గొంతులో పిల్లికూతలు మొదలయ్యాయి చూడు..."

"వినబడ్డాయా?"

"మాకెవరికీ వినబళ్ళేదు. ఆయనకి వినబడ్డాయి. వాళ్ళావిడ పద్నాలుగేళ్ళు ఈనెల కొట్టంలో చేసి, ఆ దుమ్ముకే పోయింది. ఆ కూత ఆయనకి తెలుసు."

యులాలియా మూడో వరుస వైపు చూసింది. నికనోర్ ముందుగుడ్డ మడతపెడుతున్నాడు. దగ్గరికి వెళ్ళింది.

"తాతా, నేను ఊపిరి తీసుకుంటానని ఆపేవారటగా."

"ఎవడు కూశాడు? వాడా?" ఒరెస్టెస్ వైపు ఉరిమి చూశాడు. "నేనెందుకాపుతాను! నాకా కెప్టెన్ అంటే పడదు, అంతే. ఓడ మునుగుతుంటే చేతులు కట్టుకు నిలబడేవాణ్ణి వీడొక్కణ్ణే చూశాను. ఆ చేతులతో కనీసం ఒక బకెట్టైనా పట్టుకోవచ్చుగా!"

యులాలియాకి నవ్వొచ్చింది. ఆ నవ్వు మధ్యలోనే దగ్గుగా మారింది. ఆపుకోవాలని నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

నికనోర్ ఆమె వైపు చూడను కూడా లేదు. గిరుక్కున తిరిగి, "ఒరేయ్ ఒరెస్టెస్!" అని గర్జించాడు. "నువ్వా కెప్టెన్‌ని వెనకేసుకొచ్చావు కదూ?"

ఇంటికి పోదామని నెత్తిన టోపీ పెట్టుకున్న ఒరెస్టెస్ నిట్టూర్చాడు. టోపీ తీశాడు, స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

"వెనకేసుకొచ్చాను. ఇప్పుడూ వస్తాను. ఏం చేస్తావు?"

ఇద్దరు ముసలాళ్ళూ ఖాళీ హాలు ఎగిరిపోయేలా పోట్లాడుకున్నారు, ఆమె నీళ్ళు తాగి గ్లాసు కింద పెట్టేదాకా.