ఆరంకెల నంబరు

యాలాల్ దగ్గరి పల్లెలో గొర్లు కాసుకునే దేవప్ప బడి మొహం చూసినవాడు కాదు. అయినా ఫోనంటే జంకడు. నేర్పింది బిడ్డ మరి. తొమ్మిదో తరగతి నవనీత రెండు చలికాలాలు పక్కన కూచోబెట్టుకుని సున్నా నుంచి తొమ్మిది దాకా దిద్దించింది. అంకెలు పట్టుబడ్డాక ఒక్కటే హుకుం జారీ చేసింది.

"ఫోన్ల ఆరంకెల నంబరొస్తది నాయినా, ఓటీపీ అంటరు. దొంగలు గదే అడుగుతరు. ఎవ్వరికీ చెప్పకు. నేనడిగినా చెప్పకు."

ఆ మాటను దేవప్ప పంచె కొంగున ముడేసుకున్నాడు.

మొన్న ఎండాకాలం, తాండూరు దారిలో ఒక రైతు చేలో ఎరువు కోసం మంద పెట్టి, తోటి కాపరి చెన్నయ్యతో సద్ది విప్పబోతుంటే ఫోను మోగింది.

"దేవప్పగారేనా? వికారాబాద్ నుంచి అశ్వినిని. హైస్కూల్ ఆడపిల్లలకు సెలవుల్లో కంప్యూటర్ క్లాసులు పెడుతున్నం, అంతా ఫ్రీ. మీ నవనీతకు సీటొచ్చింది. మీరు ఒప్పుకున్నట్టు, ఇప్పుడు ఫోన్‌కొచ్చిన నంబరు చెప్తే చాలు. ఇయ్యాల్నే ఆఖరు."

ఫ్రీ అంట, నంబరంట, పైగా ఇవాళే ఆఖరంట. బిడ్డ పేరు కూడా కనుక్కుని మరీ వచ్చారే అని దేవప్పకు ఒళ్లు మండింది. పాపం, అతనికేం తెలుసు? నవనీత తాండూరు వెళ్లి పరీక్ష రాసిన సంగతి ఇంట్లో చెప్పలేదు. సీటొస్తే చెబుదాం, రాకపోతే నాయిన బాధపడతాడు అనుకుంది. బళ్లో ముసుగేసి ఉంచిన ఒక్క కంప్యూటర్ దుమ్ము ఏడాదంతా తుడిచింది గానీ, దాన్ని ఆన్ చేసి చూసే భాగ్యం ఆ పిల్లకు దక్కలేదు. ఈ క్లాసుల మీదే పెట్టుకుంది ఆశంతా.

దేవప్ప చెన్నయ్యకు కన్ను గీటి, "రాసుకో అమ్మా" అని నోటికొచ్చిన ఆరంకెలు చెప్పాడు. తప్పంది అశ్విని. ఇంకో ఆరు చెప్పాడు. మూడోసారీ అలాగే ఆడించి, "నీ అసుంటోళ్లను మస్తు చూసిన, పెట్టెయ్ ఫోను" అని గదమాయించి, ఫోన్ మొత్తానికే బంద్ చేశాడు. ఇద్దరూ కడుపు చేత్తో పట్టుకుని నవ్వారు. ఆ నవ్వు గుర్తొస్తే అతనికి ఇప్పటికీ ముద్ద దిగదు.

పొద్దుగూకాక ఇంటికొచ్చి ఆ కథంతా గొంతు మార్చి ఆడి చూపించాడు. పెళ్లాం బుగ్గమ్మ పడీపడీ నవ్వింది. నవనీత కంచం పక్కకు జరిపి, నాయిన ఫోన్ ఆన్ చేసి మెసేజి చదివింది.

"ఆమె దొంగ కాదు నాయినా" అంది.

మర్నాడు తండ్రీబిడ్డలు తాండూరులో మొదటి రైలెక్కి వికారాబాద్ వెళ్లారు. దారి పొడుగునా దేవప్ప మెసేజి చూస్తూ పెదాలు కదుపుతూనే ఉన్నాడు. ఆఫీసులో అశ్విని గొంతు వినగానే తల దించుకున్నాడు.

"తప్పయింది అమ్మా. అసలు నంబరు చెప్త, జర రాసుకో. నాలుగు, సున్నా, తొమ్మిది, రెండు, రెండు, ఏడు."

ఎక్కడా తడబడలేదు. చదువుకున్నవాళ్ల ముందు నిలబడి అంకెలు అప్పజెప్పడం అతని జన్మలో అదే మొదలు. అశ్విని పెన్ను తీయలేదు.

"ఆ నంబరు పది నిమిషాలే పనిచేస్తదన్నా. మూడు తప్పులు పడంగనే లాక్ అయింది. మళ్ల మళ్ల చేసిన, మీ ఫోన్ బందున్నది. అయిదింటి దాంక చూసిన. సీటు కుల్కచర్ల అమ్మాయికి పోయింది."

"వచ్చే ఏడన్న?"

"తొమ్మిది చదివినోళ్లకేనన్నా, అప్పటికి పది అయిపోతది." ఆమె గొంతులో కోపం లేదు. ఉంటేనే బాగుండేది అనిపించింది దేవప్పకు.

తిరుగు రైల్లో నవనీత కిటికీ వైపు తిరిగి కూచుంది. తాండూరు వచ్చేదాకా దేవప్ప ఓపిక పట్టాడు గానీ ప్లాట్‌ఫాం మీద ఇక ఆగలేకపోయాడు.

"నన్ను తిట్టు బిడ్డా."

"ఏమని తిట్టాలె నాయినా? నేనడిగినా చెప్పొద్దన్నది నేనే గదా."

ఆ మెసేజి ఇప్పటికీ అతని ఫోన్లోనే ఉంది. మెసేజి తీసెయ్యడం బిడ్డ ఇంకా నేర్పలేదు. నేర్పమని అతనూ అడగలేదు.