రాంగ్ నంబర్ అని చెప్పాను

ఇది ఎవరికీ చెప్పలేదు. మా ఆవిడకి కూడా. నా నోట్లో నువ్వుగింజ నానదని స్నేహితులంతా వెక్కిరిస్తారు. ఎవరి వీసా ఆగిందో, ఎవరింట్లో అత్తాకోడళ్ళకి పడటం లేదో, లండన్‌లో మేముండే హారోలో మనవాళ్ళ కబుర్లు సగం నా నోటినుంచే బయల్దేరతాయి. ఈ ఒక్కటి మాత్రం ఇన్నేళ్ళుగా లోపలే ఉండిపోయింది. గొంతుదాకా వస్తుంది. ఆగిపోతుంది. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నానేమో.

దొంగతనం కాదు. ఎవరినీ కొట్టలేదు. ఒక ముసలాయనకి ఒక అబద్ధం చెప్పాను. అంతే. అంతేనా? అంతే అయితే, లోకంలో అందరూ చెప్పే లక్ష అబద్ధాల్లో ఇదీ ఒకటి అనుకుని హాయిగా నిద్రపోవచ్చు కదా, మరి నేనెందుకు పోలేకపోతున్నాను?

మాది నరసరావుపేట. మాస్టర్స్ చదవడానికి లండన్ వచ్చాను. ఇల్ఫర్డ్‌లో ఒక పాత ఇంట్లో మనవాళ్ళం కొందరం కలిసి ఉండేవాళ్ళం. కాలేజీ లేని రోజుల్లో ముసలివాళ్ళకి సాయం చేసే ఏజెన్సీలో పనిచేసేవాణ్ణి. వాళ్ళు నన్ను ఉత్తర లండన్‌లో యూదులు ఎక్కువగా ఉండే పేటకి పంపారు. అక్కడ ఒక రబ్బీ గారు. అంటే వాళ్ళ మతగురువు. డెబ్భై దాటిన మనిషి, భార్య పోయింది, కాళ్ళు పనిచెయ్యవు, చేతులు వణుకుతాయి. కూతురు పక్క వీధిలోనే ఉండేది. ఆవిడకి ఇంటినిండా పిల్లలు. అందుకని శని, ఆదివారాలు నా డ్యూటీ.

శనివారం చీకటిపడేదాకా వాళ్ళకి సబ్బాత్, ఏ పనీ ముట్టని విశ్రాంతి దినం. స్విచ్ వెయ్యకూడదు. పొయ్యి ముట్టకూడదు. ఫోన్ తియ్యకూడదు. నన్ను తియ్యమని అడగనూ కూడదు. మా నాయనమ్మ మడి చూసి పెరిగినవాణ్ణి కాబట్టి నాకది వింతగా అనిపించలేదు. ఆయన గాలిలోకి చూస్తూ, "ఈ గది ఇవాళ చల్లగా ఉంది" అనేవారు. నేను లేచి హీటింగ్ పెంచేవాణ్ణి. "ఈ పుస్తకంలో అక్షరాలు చిన్నవైపోయాయి" అంటే లైటు వెయ్యాలన్నమాట. అడక్కుండా అడిగినవన్నీ పట్టుకోవడమే నా ఉద్యోగం. అందులో నేను బాగా ఆరితేరాను. ఈ మాట ఎందుకు చెబుతున్నానో కాసేపట్లో మీకే తెలుస్తుంది.

ఆయన కాళ్ళు కడుగుతుంటే తన కథ చెప్పేవారు. మేము మాట్లాడుకున్నది ఇంగ్లీషులో. నాకెందుకో అంతా తెలుగులోనే గుర్తుంది. యుద్ధంలో ఆయన అమ్మానాన్నలు, అక్కలు అందరూ పోయారట. జర్మనీలో శరణార్థుల శిబిరంలో ఒంటరిగా మిగిలాడు, పన్నెండేళ్ళ పిల్లవాడు. మాట పడిపోయిందట. అక్కడ ఒక యువకుడు తన రొట్టెలో సగం తుంచి ఇచ్చి, పక్కన కూర్చోబెట్టుకుని, ఒక పాట నేర్పాడు. పాటంటే మాటల్లేని పాట. ఒట్టి రాగం. మాట్లాడలేని పిల్లవాడు మొదట ఆ రాగమే తీశాడు, మాటలు తర్వాత వచ్చాయి.

ఆ యువకుడే ఆయన రెబ్బే. యూదుల్లో హసీదులనే శాఖవాళ్ళు తమ గురువుని అలా పిలుస్తారు. ఆయనా అందర్నీ పోగొట్టుకున్నవాడే. మిగిలిన కొద్దిమంది శిష్యుల్ని పోగేసుకుని జెరూసలేం చేరాడు. ఇరవై ఏళ్ళు దాటగానే మా రబ్బీ గారిని పిలిచి, నువ్వు లండన్ వెళ్ళు, అక్కడ మనవాళ్ళు కొందరున్నారు, వాళ్ళకి పాడటానికి ఒకరు కావాలి అన్నాడట. ఈయన ఎందుకు అని అడగలేదు. పెట్టె సర్దుకున్నాడు. ఒక ఇంటి ముందుగదిలో ప్రార్థన జరిపిస్తూ, పిల్లలకి చదువు చెబుతూ యాభై ఏళ్ళు గడిపాడు. ఏడాదికోసారి వెళ్ళి, వందమంది వెనకాల వరసలో నిలబడి, గురువు చెయ్యి తాకి వచ్చేవాడు. కాళ్ళు పోయాక అదీ లేదు.

"నన్ను నమ్మి పంపారా, వద్దనుకుని పంపారా?" అని ఒకసారి అడిగారు. నన్ను కాదు. నీళ్ళ బకెట్ని అడిగినట్టు అడిగారు. యాభై ఏళ్ళుగా ఆ ఒక్క ప్రశ్నే ఆయన్ని తినేస్తోందని నాకప్పుడు తెలిసింది. తెలిసీ చేశాను. గుర్తుపెట్టుకోండి.

2010 జనవరి. రెబ్బే జబ్బుపడి జెరూసలేంలో ఆస్పత్రిలో ఉన్నాడు. ఇక్కడ రబ్బీ గారు తిండి సగం మానేశారు. రోజూ పొద్దున్నే కూతురు ఫోన్ చేసి అక్కడివాళ్ళని కనుక్కునేది. అదే రోజుల్లో నాకు ఇంకో పండగ. మా హీరో సినిమా రిలీజు. నవ్వకండి. నవ్వినా సరే. ఊళ్ళో ఉన్నప్పుడు ఆయన కటౌట్‌కి పాలాభిషేకం చేసినవాణ్ణి, ఆయన్ని ఏదో అన్నాడని సొంత మేనమామ కొడుకుతో ఏడాదిపాటు మాట్లాడనివాణ్ణి. ఇల్ఫర్డ్ సినిమాహాల్లో శనివారం సాయంత్రం మొదటి ఆట. తెరమీద పేరు పడగానే చల్లడానికి రెండు రోజులు కూర్చుని కాగితాలు చింపాం. ఆ సంచి నా బ్యాగులోనే ఉంది. నేను వెళ్ళకపోతే కాగితాలూ లేవు.

చలికాలంలో సబ్బాత్ తొందరగా అయిపోతుంది. ఆకాశంలో మూడు నక్షత్రాలు కనబడాలంటారు. లండన్ మబ్బుల్లో నక్షత్రాలెక్కడ, గోడమీది వేళల పట్టిక చూసేవాళ్ళం. అది అయిపోతే కూతురు వస్తుంది, నేను బస్సెక్కుతాను. అదీ లెక్క. పొద్దువాలింది. రబ్బీ గారు సబ్బాత్ ముగిసేముందు తినే మూడో భోజనానికి కూర్చున్నారు. కాస్త రొట్టె, కాస్త చేప. ఆ వేళ దీపం వేసుకోరు. చీకట్లోనే కూర్చుని పాడతారు. ఆ రాగమే. ప్రతి శనివారం ఆ వేళకి ఆ రాగమే.

వంటింట్లో ఫోన్ మోగింది. ఏజెన్సీవాళ్ళేమో అని తీశాను.

ఒక ఆడమనిషి. జెరూసలేం ఆస్పత్రిలో నర్సునంది. అక్కడ పొద్దు ముందే గూకుతుంది, వాళ్ళ సబ్బాత్ అయిపోయింది. రబ్బీ గారి పేరు చెప్పి, ఉన్నారా అంది. "ఇక్కడ పెద్దాయన పొద్దున్నుంచీ ఆ పేరే తలుస్తున్నారు. పక్కనున్నవాళ్ళంతా ప్రార్థనకి వెళ్ళారు. ఆయన ప్రార్థన పుస్తకం అట్టలోపల ఈ నంబరు రాసుంది, అందుకని చేశాను."

ఇక్కడింకా సబ్బాత్ అవలేదు, ఫోన్ తీసుకోరు అన్నాను. అది నిజమే.

"మాట్లాడక్కర్లేదు," అంది. "పెద్దాయన మీ రబ్బీ గారి పాట వినాలంటున్నారు. మీరు ఫోన్ ఆయన దగ్గరగా పట్టుకోండి, చాలు. ఈ రాత్రి గడవదంటున్నారు డాక్టర్లు."

పాట వినబడుతూనే ఉంది. పక్కగదిలోంచి. తలుపు ఓరగా తెరిచి ఉంది. నేను నాలుగడుగులు వేస్తే చాలు.

వెయ్యలేదు. ఎందుకు వెయ్యలేదని ఎన్నిసార్లు నన్ను నేను నిలదీసుకున్నానో. నాకు ఇంగ్లీషు అర్థం కాలేదా? అయింది. కంగారుపడ్డానా? లేదు, చాలా నింపాదిగా లెక్క వేసుకున్నాను. ఈయనకి తెలిస్తే ఏడుస్తారు, ఒళ్ళు బాగుండదు, కూతురు వచ్చినా నన్ను కాసేపు ఉండమంటుంది, జనం వస్తారు, బస్సు పోతుంది, ఆట మొదలైపోతుంది. రేపు చెబుదాంలే. రేపు పొద్దున్నే చెబుదాం. కాలితో తలుపుని మెల్లగా దగ్గరికి నెట్టాను, ఆమెకి పాట వినబడకుండా.

"ఆయన నిద్రపోతున్నారు," అన్నాను.

"లేవగానే చెప్తారా?"

"చెప్తాను."

లోపలికి వెళ్ళేసరికి ఆయన పాట ఆపి ఉన్నారు. కళ్ళేమో కంచంమీద. "సబ్బాత్ పూట ఫోన్ మోగితే అది మంచివార్త అవదు," అన్నారు, ఎవరితోనో అన్నట్టు. అది ప్రశ్న. ఆయన అడగకుండా అడిగినవాటిలో అన్నిటికన్నా పెద్దది. హీటింగు గురించి పట్టుకున్నవాణ్ణి, లైటు గురించి పట్టుకున్నవాణ్ణి, ఇది పట్టుకోలేనా?

"రాంగ్ నంబర్, రబ్బీ గారూ."

"దేవుడికి దండం," అన్నారు. ముఖం తేటపడింది. ఆపినచోటి నుంచి మళ్ళీ ఎత్తుకున్నారు.

గురువు చెవిన పడవలసిన పాట అది. నేను దాన్ని వింటూ బూట్ల తాళ్ళు కట్టుకున్నాను.

సినిమా చూశాను. కాగితాలు చల్లాను. ఈలలు వేసి, అరిచి, గొంతు బొంగురుపోయింది. సినిమా బాగుందా అంటే, బాగానే ఉంది. ఇప్పుడు టీవీలో వస్తే లేచి బయటికి వెళ్ళిపోతాను. కడుపునొప్పి అనుకుంటుంది మా ఆవిడ.

మర్నాడు పొద్దున నేను వెళ్ళేసరికి ఇంటి తలుపు తెరిచే ఉంది. రెబ్బే ఆ రాత్రే పోయాడట. వాళ్ళలో ఆలస్యం చెయ్యరు, రాత్రికి రాత్రే ఖననం కూడా అయిపోయింది. రబ్బీ గారు నేలకి దగ్గరగా చిన్న పీటమీద కూర్చుని ఉన్నారు. కోటు గుండెదగ్గర చింపి ఉంది. తండ్రి పోతే చింపుకుంటారట అలా. గురువుకీ చింపుకుంటారు. తేలు కుట్టిన దొంగలా గుమ్మంలోనే నిలబడ్డాను. ఆమాటా ఈమాటా గొణిగాను. నా గొంతు విని తలెత్తి చూశారు.

"నీ గొంతు కూడా పోయిందే. నువ్వూ ఏడ్చావా?" అన్నారు.

తల ఊపాను. మీరు అసహ్యించుకుంటే అసహ్యించుకోండి. తల ఊపాను.

మళ్ళీ ఆయనే అడిగారు. "వెళ్ళేముందు నన్నొక్కసారి తలుచుకుని ఉంటారా?"

అప్పుడైనా చెప్పొచ్చు. నోరు తెరిచాను కూడా. కానీ చెబితే నిన్నటి ఫోన్ చెప్పాలి. ఫోన్ చెబితే తలుపు చెప్పాలి. తలుపు చెబితే ఇక నన్ను నేను ఎక్కడ పెట్టుకోను? "తలుచుకునే ఉంటారు రబ్బీ గారూ. మీ పాట అడిగే ఉంటారు," అన్నాను. అది అక్షరాలా నిజం. ఓదార్పు మాటలాగా అన్నాను. ఆయనా ఓదార్పు మాటలాగే విన్నారు. నా చెయ్యి తట్టి, "నువ్వు మంచి పిల్లాడివి," అన్నారు. నమ్మలేదని ఆ తట్టడంలోనే తెలిసిపోయింది.

ఆ తర్వాత ఆయన పాడలేదు. శనివారాలు మూడో భోజనానికి కూర్చునేవారు, రొట్టె తుంచేవారు, చీకటి పడేదాకా ఊరికే కూర్చునేవారు. నేను వంటింట్లో నిలబడి, ఈ వారం చెబుతాను, వచ్చేవారం చెబుతాను అనుకునేవాణ్ణి. ఒక్కోవారం గడిచేకొద్దీ చెప్పడం ఇంకా కష్టమైంది. చెప్పకపోవడం కూడా ఒక పనిలా రోజూ చేసేవాణ్ణి. చదువయ్యాక లండన్ బయట బ్రాక్‌నెల్‌లో ఉద్యోగం వచ్చింది. వెళ్ళిపోతున్నానని చెప్పడానికి వెళ్ళాను. వణికే చేతులు నా తలమీద పెట్టి వాళ్ళ భాషలో ఆశీర్వదించారు. ఆ చేతులకింద నిలబడి కూడా చెప్పలేదు. మరుసటి చలికాలం ఆయన పోయారు. వద్దనుకుని పంపారనే అనుకుంటూ పోయారు. కూతురు ఫోన్లో చెబుతూ, చివరిదాకా నిన్ను తలుచుకునేవారు అంది.

ఆయనకి ప్రాణం పోసినట్టయ్యే మాట ఒకటి నా దగ్గర ఉండింది. నేను తయారుచేసిందేం కాదు, నాకు ఖర్చయ్యేదీ కాదు. ఆయన సొమ్ము. నా దగ్గర దాచుకుని, ఆయన్ని ఆకలితో పంపేశాను.

ఫోన్ దగ్గరికి పట్టుకుంటే వాళ్ళ నియమం ఒప్పుకునేదో లేదో నాకు తెలియదు. ఒప్పుకోకపోయి ఉండొచ్చు. తేల్చుకోవలసింది ఆయన. ఆ తేల్చుకునే అవకాశం కూడా నేనే తీసేసుకున్నాను. ఆయనకి చెప్పకపోవడం ఆయన మేలుకేనని, తెలిస్తే ఇంకా కుమిలిపోయేవారని కొన్నాళ్ళు నాకు నేను సర్దిచెప్పుకున్నాను. అది ఒట్టి మాట. నేను భయపడింది ఆయన కుమిలిపోతారని కాదు. నన్ను చూసే చూపు మారిపోతుందని.

రబ్బీ గారి కూతురు ఇంకా ఆ పక్క వీధిలోనే ఉంది. వెళ్ళి చెప్పొచ్చు. కడుపు చించుకుంటే కాళ్ళమీద పడుతుందని ఆగిపోతున్నాను. అందుకే ఇలా, ఆవిడ ఎన్నటికీ చదవలేని భాషలో రాస్తున్నాను. ఇదీ పిరికితనమే. తెలుసు. క్షమించమని మిమ్మల్ని అడగను, అది మీ చేతిలో లేదు. క్షమించగలిగినవాళ్ళు ఇద్దరూ వెళ్ళిపోయారు. ఆయనకి చెప్పవలసిన నాలుగు ముక్కలు ఒక్కసారైనా నా చేత్తో రాస్తే ఊపిరి ఆడుతుందేమోనని ఇంతసేపూ రాశాను.

రబ్బీ గారూ, అది రాంగ్ నంబర్ కాదు. మీ రెబ్బే మీ పేరే తలిచారు. మీ నంబరు తన ప్రార్థన పుస్తకంలో దాచుకున్నారు. మీ పాట వినాలన్నారు. మీరు పాడుతూనే ఉన్నారు. తలుపు మూసింది నేను.