ఎద్దును తొక్కిన పిన్ని

మా పిన్ని పోయింది. పోయిన సోమవారం తెల్లవారగానే, ఆసుపత్రిలో ఆమెకు తోడున్న ఎదురింటావిడ ఫోన్ చేసి, "మౌసీ చలీ గయీ బేటా" అంది. అరికాల్లో ఇనప ముక్క దిగి, షుగరు ఒంట్లో పుండు మానక, విషం పైకి పాకింది. వాళ్ళుండే భన్‌పురిలో, ఉక్కు మిల్లుల రోడ్ల మీద లారీల నుంచి రాలే ఇనప రజను సంగతి తెలిసినవాళ్ళెవరూ అక్కడ వట్టి కాళ్ళతో నడవరు. పిన్ని నడిచింది. బాబాయి పోయినప్పటి నుంచీ చెప్పులు వేసుకోలేదు. నాకు ఏడుపు కంటే ముందు కోపం వచ్చింది.

శ్రీకాకుళం నుంచి కొత్త కోడలిగా రాయపూర్ వచ్చిన మనిషి. బాబాయి రైల్వే వ్యాగన్ల వర్క్‌షాపులో పనిచేసేవాడు. నా చదువంతా వాళ్ళింట్లోనే, ఆవిడ చేతి అన్నంతోనే సాగింది. కాగితానికి కాలు తగిలితే కళ్ళకద్దుకునేది. సోమవారం కాలనీ శివాలయంలో నంది కొమ్ముల మధ్య నుంచి శివుణ్ణి చూడందే టీ తాగేది కాదు. నోరు మాత్రం మహా గట్టిది. కూరలవాణ్ణి హిందీలో తిట్టడం మొదలుపెట్టి తెలుగులో ముగించేది. రెండోది అర్థం కాకపోయినా వాడు ధర తగ్గించేవాడు.

బాబాయికి కాలేయంలో కాన్సరని తేలాక డాక్టరు పిన్నిని పక్కకి పిలిచి, తిరగగలిగినన్నాళ్ళు తిరగనివ్వమన్నాడు. ఒక్కసారి విదేశం చూడాలని బాబాయి కోరిక. యూరప్ యాత్రకు వెళ్తున్న బృందంలో ఇద్దర్నీ చేర్చి, సాయంగా నేనూ వెళ్ళాను.

మిలాన్‌లో మమ్మల్ని పాతకాలపు అంగళ్ళ వీధికి తీసుకెళ్ళారు. వీధి మొత్తానికీ ఎత్తయిన అద్దాల కప్పు. బాబాయి మెడ వెనక్కి వంచి చూస్తూ ఉండిపోయాడు.

"మన గోల్ బజారుకి ఇలాటిదొకటి ఏస్తే బాగుణ్ణు. వానాకాలం బురద తప్పును" అంది పిన్ని. చాలా రోజుల తర్వాత బాబాయి నవ్వాడు.

నడిమధ్య కూడలిలో నేల మీద రంగురాళ్ళతో పొదిగిన ఎద్దు బొమ్మ ఉంది. దాని మర్మస్థానం మీద మడమ ఆనించి గిర్రున తిరిగితే మంచి జరుగుతుందట. జనం తిరిగి తిరిగి అక్కడ గుంట పడింది. మా బృందం వాళ్ళు సిగ్గుపడుతూ, నవ్వుతూ వరసకట్టారు. బాబాయి కదల్లేదు.

"నందిని తొక్కుతామేటి? నాకొద్దు."

"ఊరికే బొమ్మ బాబాయ్" అన్నాను.

"గుళ్ళో ఉన్నది మాత్రం ఏటిరా?"

పిన్ని వాడిపోయిన ఆయన ముఖం కాసేపు చూసింది. చీర కుచ్చిళ్ళు కాస్త ఎత్తి పట్టుకుని, వరస తోసుకుంటూ వెళ్ళి, ఆ గుంటలో మడమ పెట్టి తిరిగింది. పళ్ళు బిగించి తిరిగింది. చుట్టూ ఉన్నవాళ్ళ నవ్వులు ఆగిపోయాయి. ఆ రోజంతా బాబాయి ఆవిడతో మాట్లాడలేదు.

చలికాలం దాటకుండానే ఆయన పోయాడు. కర్మలు అయిపోగానే పిన్ని చెప్పులు మానేసింది. శివాలయానికి వెళ్ళేది గానీ, నంది వెనక నిలబడకుండా పక్కన స్తంభం దగ్గర నుంచే దండం పెట్టుకునేది. మే నెలలో తారు కరుగుతున్నా అలాగే నడిచేది. తను తొక్కడం వల్లే మొగుడు పోయాడని కుమిలిపోతోందనుకున్నాం. బంధువులందరం తలా ఒకసారి ఓదార్చాం. ఆవిడ అంతా విని, మాకు టీ పెట్టి ఇచ్చేది.

కిందటి నెల డాక్టర్లు కాలు తీసేయాలన్నారు. ఒప్పుకోలేదు. నేను మంచం పక్కన కూర్చుని బతిమాలాను.

"నువ్వు తొక్కినందుకు కాదు పిన్నీ బాబాయి పోయింది. ఇంక చాలు, ఒప్పుకో."

విసుక్కుంది. "నాకు తెల్దేటి? డాక్టరు ముందే చెప్పీసినాడు కదా."

"మరి ఈ వట్టికాళ్ళెందుకు?"

"తప్పు తప్పేరా. గాని చేసినందుకు నాకు బాధ నేదు. ఆయన్ని ఇంకొక్కరోజు ఉంచుతానంటే గుళ్ళో నందినైనా తొక్కీదాన్ని. శివుడికి ఆ సంగతి తెలుసు. క్షమించమని దొంగ దండం పెట్టలేను. అందుకే కాళ్ళిచ్చీసినాను. బస్."

నర్సు వచ్చి కట్టు విప్పింది. ఆ వాసనకి నేను ముఖం తిప్పుకున్నాను. పిన్ని మోచేతుల మీద లేచి, రెప్ప వేయకుండా ఆ కాలినే చూస్తోంది. నర్సుతో "మెల్లిగా" అని కూడా అనలేదు.