సార్ మెయిల్‌ను యాప్‌గా పెట్టిచ్చాను
గద్వాలలో ఒక ప్రైవేటు కాలేజీలో ఆరేళ్లుగా కంప్యూటర్ ఆపరేటర్‌ని. ప్రిన్సిపాల్ సార్‌కి వచ్చే మెయిళ్లు రోజూ తెరిచి చదివి వినిపించేది నేనే. ఇవాళ ఆయన అడిగితే, బ్రౌజర్‌తో పని లేకుండా ఆ మెయిల్‌ను ఆయన కంప్యూటర్‌లో యాప్‌గా పెట్టాను. నోటిఫికేషన్లు ఆన్ చేయగానే టింగుమని యాజమాన్యం మెయిల్ వచ్చింది: "మీరు కోరినట్టే ఆపరేటర్‌ని వచ్చే నెల నుంచి తీసేస్తున్నాం."

నేను చదివేయడం సార్ చూశారు.

"మంచిగ మోగుతుందమ్మా. ఇగ దానంతట అదే చెప్తది గద, మనిషెందుకు?"

"నాకెప్పుడు చెప్దామనుకున్నరు సార్?"

"ఇప్పుడు తెల్సింది గద. పోయే ముందల జర మా ఇంటి లాప్‌టాప్‌ల గూడ గిట్లనే పెట్టు."

తలూపాను. ఇంటికొచ్చాక ఉద్యోగం పోయినందుకు కాదు, తలూపినందుకు ఏడుపొచ్చింది. లాప్‌టాప్ రేపు తెస్తారట. పెట్టమంటారా?