బస్సు కొట్టంలో పెట్టకూడనివి

మా మేనత్త లూదియా ఆళ్లగడ్డలో క్రైస్తవుల పేటలోని ఒంటిగది బడికి టీచరు. ఆమె భర్త శాంతయ్య, సుబ్బయ్య గారి బస్సును ఆళ్లగడ్డ నుంచి నంద్యాలకు తోలేవాడు. యుద్ధం రోజుల్లో పెట్రోలు దొరక్క బస్సు వెనక నిలువెత్తు బొగ్గుపొయ్యి బిగించి, దాంట్లోంచి వచ్చే గ్యాసుతో నడిపేవారు. రోజూ పొద్దున్నే దాన్ని రాజేసి, గాలి ఊదే మర తిప్పి, మంట బాగా అందుకున్నాకే బస్సు కదిలేది. రాత్రిపూట బస్సు ఉండేది బోదగడ్డి కప్పిన కొట్టంలో.

ఆ వేసవిలో పెద్ద గాలివాన వచ్చి సుబ్బయ్య గారి మిద్దెలో సామాన్ల గది కూలిపోయింది. ఆయన భార్య జానకమ్మ గదిలోని సామానంతా బస్సు కొట్టంలోకి చేర్పించింది. దూది పరుపులు, పట్టుచీరల పెట్టె, నేతి కుండ, ఊరగాయ జాడీలు, వానలకు విత్తాల్సిన వేరుశనగకాయల మూటలు. పక్కనే బొగ్గు బస్తాలు, నూనె గుడ్డలు, అవసరానికని దాచిన పెట్రోలు డబ్బా.

భర్తకు సద్ది తీసుకెళ్లిన అత్త ఆ సామాను చూసి నేరుగా జానకమ్మ దగ్గరికి పోయింది.

"ఏందమ్మా ఇది? నిప్పుండే చోట పరుపులు పెడతాండారు. ఆ వేడికి, పెట్రోలు కంపుకు విత్తనం మొలకెత్తదు. నెయ్యి నోట్లో పెట్టుకోలేరు."

"యాడ పెట్టమంటావే మరి? ఇల్లు చూస్తే ఇట్లుండాది."

"మా బడిలో పెట్టండమ్మా. నాపరాళ్ల కప్పు, చుక్క కారదు. సెలవులు, పిల్లోళ్లు కూడా రారు."

అరుగు మీదున్న సుబ్బయ్య అందుకున్నాడు. "మనింటి సామాను ఆ పేటలోనా? నలుగురూ ఏమంటారు?"

ఆ మాట అత్తకు గుచ్చుకుంది. అయినా తల దించలేదు. "విత్తనం చెడిపోతే ఆ నలుగురూ వచ్చి మీకు విత్తనమిస్తారా సామీ?"

ఈ మాట శాంతయ్య చెవిన పడింది. ఇంటికొచ్చాక మండిపడ్డాడు. "నీకెందుకే ఆ మాటలు? పనిలోంచి తీసేస్తే?"

"తీసేస్తే ఇంకొకాయన బండి తోలు. చూస్తా చూస్తా నోరు మూసుకోమంటే నాతో కాదప్పా."

మరుసటి రోజు జానకమ్మ పంపిన ఎద్దులబండి బడి ముందు ఆగింది. విత్తనాల మూటలు, పరుపులు, చీరల పెట్టె వచ్చాయి. తినే వస్తువులు మాత్రం పేటకు పంపడానికి ఆమెకు మనసొప్పలేదు. నెయ్యి, ఊరగాయలు కొట్టంలోనే ఉండిపోయాయి. అత్త వచ్చినవాటినే గోడకు తగలకుండా రాళ్ల మీద పేర్చి, ఎలుకలు దూరే కంతలు పూడ్చి, తాళం వేసింది.

కొన్నాళ్లకు ఒక పొద్దున శాంతయ్య కొట్టం గుమ్మం దగ్గర పొయ్యి రాజేస్తుండగా సుడిగాలి లేచింది. నిప్పురవ్వ ఎగిరి బోద మీద పడింది. ఎండిన కప్పు క్షణంలో అంటుకుంది. కేకలు విని ఊరంతా పరుగెత్తుకొచ్చింది. బడి వాకిలి ఊడుస్తున్న అత్త చీపురు పడేసి ఉరికింది. మగవాళ్లు బస్సును బయటికి తోస్తుంటే, తడి గోనెపట్ట తలమీద కప్పుకొని లోపలికి దూరి పెట్రోలు డబ్బా ఈడ్చుకొచ్చింది. ఆమె బయటపడ్డాక కప్పు కూలింది. ఎవరికీ ఏమీ కాలేదు. బస్సు వెనక రంగు బొబ్బలెక్కింది, నేతి కుండ, జాడీలు పగిలిపోయాయి, అంతే.

ఆ మధ్యాహ్నం జానకమ్మ మొదటిసారి పేటలోకి నడిచొచ్చింది. అత్త తలుపు తీసింది. జానకమ్మ ఒక మూట విప్పి, కాయ ఒలిచి గింజ నోట్లో వేసుకుంది. తర్వాత పిల్లలు కూర్చునే చాప మీదే కూర్చుని, "నీ మాట సగమే విన్నా లూదియా. సగమే మిగిలింది" అంది. అత్త కుండలో నీళ్లు ముంచి, ఇవ్వాలా వద్దా అని నిలబడిపోయింది. జానకమ్మే చెయ్యి చాపి చెంబు అందుకుంది. పేటలో ఆడవాళ్లంతా గుమ్మాల్లో నిలబడి చూశారు.

వానలు పడ్డాయి. చేను సాలు తప్పకుండా మొలిచింది. జానకమ్మ అత్తను వెంటబెట్టుకుని పోయి గట్టు మీద నిలబడి చూపించింది.

యుద్ధం ముగిశాక సుబ్బయ్య రాతి గోడలతో, నాపరాళ్ల కప్పుతో కొత్త షెడ్డు కట్టించాడు. షెడ్డు తెరిచే రోజు మనిషిని పంపి అత్తను పిలిపించాడు. వచ్చినవాళ్లందరి ముందూ అడిగాడు. "లూదియమ్మా, దీంట్లో ఏమేం పెట్టొచ్చో నువ్వే చెప్పు."

"బస్సు పెట్టండి సామీ" అంది అత్త.

అందరికన్నా ముందు సుబ్బయ్యే నవ్వాడు. శాంతయ్య మాత్రం నవ్వలేదు. పక్కనున్న ప్రతివాడితోనూ, "మా ఇంటామె" అని చెప్పుకుంటూ తిరిగాడు.